జింక తిరిగే నేల: మన వేట ఘట్టాలూ, మృగనామాలూ

1

ప్రబంధాలలోని వేట ఘట్టాలను గురించి తెలుగు విమర్శలో తక్కువేమీ రాయలేదు. వేటకుక్కల పేర్ల పట్టికలు, వలల రకాలు, డేగల జాతులు, బోయల వేషభాషలు, వాళ్ల నోట పలికే దేశ్యపదాలు పోగుచేసి, వర్గీకరించి, కవి లోకజ్ఞతకు నిదర్శనాలుగా చూపిన వ్యాసాలు మనకు ఉన్నాయి. మృగాన్ని తరమడానికీ, పట్టడానికీ, చంపడానికీ సంబంధించిన పదజాలంలో తెలుగు ఎంత సంపన్నమో వాటివల్ల తేలింది. అది విలువైన పనే. కాని ఆ పని చేసేటప్పుడు అడగవలసినంతగా అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ మృగాలు అసలు అక్కడ ఎందుకున్నాయి? ఏ మేత మేసి, ఏ నీళ్లు తాగి, ఏ మాటున పడుకొని రాజుగారి బాణానికి అందేటంతగా పెరిగాయి? ఆ నేల ఎవరిది? దానిని అలా ఉంచింది ఎవరు?

కావ్యాన్ని జంతుశాస్త్ర గ్రంథంగా చదవాలన్నది ఈ ప్రశ్న ఉద్దేశం కాదు. అల్లసాని పెద్దన అటవీశాఖ నివేదిక రాయలేదని ఎవరూ ఆయనను తప్పుపట్టబోరు. నా ఫిర్యాదు కవులమీద కన్నా మనమీద, అంటే టీకాకారులు, నిఘంటుకారులు, అనువాదకులు, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ల మీద ఎక్కువ. మృగం పేరులో నేల ఉంటుంది. నేలను మరిచి పేరుకు అర్థం చెప్పినప్పుడు ఆ పేరు సగం చచ్చిపోతుంది. ఇవాళ జింకలకోసం ఎక్కడ చెట్లు నాటాలి, ఎక్కడ కొట్టెయ్యాలి అన్న నిర్ణయాలు తెలుగు మాటల్లోనే ప్రజలకు చేరుతున్నాయి కనుక, పేరు చెడితే నేలకూ చేటే. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇంతే.

2

ముందు అలంకారశాస్త్రం సంగతి. మహాకావ్యంలో ఉండవలసిన వర్ణనలను దండి కావ్యాదర్శంలో లెక్కపెట్టాడు. నగరం, సముద్రం, శైలం, ఋతువులు మొదలుకొని నాయకాభ్యుదయం వరకు సాగే ఆ జాబితానే మనం అష్టాదశ వర్ణనలని చెప్పుకుంటున్నాం. అందులో వేట లేదు. పద్నాలుగో శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఇచ్చిన జాబితాలో మృగయ కనిపిస్తుంది. అక్కడ అది ప్రాతఃకాలానికీ, మధ్యాహ్నానికీ, శైలానికీ పక్కన చేరింది. ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటి ఉంది. జాబితాలో వనం వేరుగా ఉంది, మృగయ వేరుగా ఉంది. వనం చూడవలసిన దృశ్యం, మృగయ చేయవలసిన పని. ఈ రెంటికీ మధ్య ఉన్న సంబంధం శాస్త్రకారుడికి అవసరం కాలేదు.

తమిళ సంప్రదాయం ఈ విషయంలో వేరే దారి తొక్కింది. తొల్కాప్పియం పొరుళదికారం నేలను విభజించి, ఆ నేలకు చెందిన దైవం, ఆహారం, మృగం, చెట్టు, పక్షి, పర, వృత్తి మొదలైనవాటిని కరుప్పొరుళ్ అని ఒక్కచోట కూర్చింది. కుఱింజి కొండనేల, ముల్లై పచ్చికబయళ్ల అడవినేల. వ్యాఖ్యాతలు జింకను, కుందేలును ముల్లైకి, ఏనుగును, పులిని కుఱింజికి కేటాయించారు. అంటే అక్కడ మృగం పేరు చెబితే నేల పేరు చెప్పినట్టే. మృగం కవి ఇష్టంకొద్దీ ఎక్కడపడితే అక్కడ వచ్చి నిలబడదు.

ఈ పోలిక చెప్పి తమిళాన్ని ఎత్తి తెలుగును దించాలని నాకు లేదు. రెండు భాషల మధ్య బతికేవాళ్లకు అటువంటి పందేలు రుచించవు కూడా. ఇవాళ్టి తమిళ పత్రికలు అన్ని జాతులనూ ‘మాన్’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం వేలూరులో రోజూ చూస్తున్నదే. సంప్రదాయం గొప్పదైనంత మాత్రాన వాడుక దానంతట అది నిలవదు. కాని తెలుగు విమర్శకుడికి ఆ పాత పద్ధతి ఒక పరికరంగా పనికివస్తుంది. వేట ఘట్టం చదివేటప్పుడు ‘ఇది ఏ నేల?’ అని అడగడం అది నేర్పుతుంది.

3

వేటనేలను పెంచి పోషించాలనే ఆలోచన మన దేశానికి కొత్తదేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో మృగవనం ప్రస్తావన ఉంది. రాజు విహారంకోసం ఏర్పరచవలసిన ఆ వనానికి ఒక్కటే ద్వారం ఉండాలి. చుట్టూ కందకం తవ్వి కాపాడాలి. తియ్యని పండ్ల చెట్లు, పొదలు, గుబుర్లు ఉండాలి, ముళ్లచెట్లు ఉండకూడదు. నీటి మడుగు లోతు లేకుండా ఉండాలి. మచ్చికైన మృగాలు ఉండాలి, క్రూరమృగాలకు గోళ్లూ కోరలూ తీసివెయ్యాలి. ఇది కాక, అన్ని మృగాలూ అతిథులుగా వచ్చిపోయే మరో మృగవనాన్ని రాజ్యం అంచున, నేల స్వభావాన్ని బట్టి ఏర్పాటు చెయ్యాలన్నాడు. అదే అధికరణంలో సూనాధ్యక్షుడి ప్రకరణంలో అభయమిచ్చిన మృగాలను చంపినవాళ్లకు దండన చెప్పాడు. అభయవనం అన్న మాట అక్కడిదే.

మేత, నీరు, మాటు, కాపలా అనే నాలుగూ ఈ వర్ణనలో ఉన్నాయి. అమెరికాలో అల్డో లియోపోల్డ్ 1933లో ‘గేమ్ మేనేజ్‌మెంట్’ అన్న గ్రంథం రాసినప్పుడు ఆయన విషయం కూడా స్థూలంగా ఇదే. వేటమృగాలను నాశనం చేసిన గొడ్డలి, నాగలి, ఆవు, నిప్పు, తుపాకి అనే పనిముట్లనే తెలివిగా వాడితే వాటిని మళ్లీ పెంచవచ్చునని ఆయన వాదన. ఆ దేశంలో మృగం ప్రజల ఉమ్మడి సొత్తు, నేల మాత్రం సొంతదారుది. అందువల్ల సొంత వేటనేల ఉన్న ఆసామి తన భూమిలో దట్టమైన చెట్లను అక్కడక్కడా కొట్టి నేలకు ఎండ తగలనిస్తాడు. లేతచిగుళ్లు జింక నోటికి అందే ఎత్తున వస్తాయి. పడుకోవడానికి పొదలను వదిలేస్తాడు, మేతకోసం చిన్న మడిచెక్కలు విత్తుతాడు. అక్కడి తెల్లతోక జింక అడవికీ పొలానికీ నడుమ అంచుల్లో బతికే జంతువు కనుక ఈ పనులు దానికి సరిపోతాయి.

మన దేశంలో సొంత వేటనేల అన్న మాటకు ఇప్పుడు చట్టంలో చోటు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది, 1991 సవరణ వేట లైసెన్సుల ప్రకరణాన్నే తీసివేసింది. అంతకుముందే 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతోనూ, 1949 హైదరాబాదు జాగీర్ల రద్దుతోనూ జమీందార్ల, జాగీర్దార్ల చేతుల్లోని భూములు వాళ్ల అధీనం దాటిపోయాయి. అయినా వేటనేలలు పూర్తిగా మాయం కాలేదు, పేర్లు మార్చుకున్నాయి. హైదరాబాదులో నిజాము వేటాడిన నేల 1975లో మహావీరుడి నిర్వాణ పంచవింశతి శతాబ్ది సందర్భంగా మహావీర్ హరిణ వనస్థలి అయింది. మద్రాసు గవర్నరు గిండీ ఎస్టేటులోని ఒక భాగం 1978లో జాతీయోద్యానం అయింది. వేటకోసం కాపాడిన నేలే అభయవనం కావడం చరిత్రలో చిన్న విచిత్రం. కౌటిల్యుడికి మాత్రం అది విచిత్రంగా తోచి ఉండదు.

ఇప్పుడు మన ప్రబంధాల వైపు తిరిగి చూస్తే లోటు స్పష్టంగా కనిపిస్తుంది. కిరాతులు కానుకలతో వచ్చి అడవిలో మృగాలు పెచ్చు పెరిగాయని విన్నవించుకోవడం వేట ఘట్టానికి వాడుకైన నాంది. రాజు బయలుదేరతాడు, కుక్కలను వదులుతారు, వలలు పన్నుతారు, మృగాలు పడతాయి. మృగాలు పెరగడానికి కారణమైన నేల అక్కడ నేపథ్యంగానే ఉండిపోతుంది. విన్నపం చేసిన కిరాతుడికి ఆ నేలను గురించి తెలిసినదంతా విన్నపంతోనే ఆగిపోతుంది.

4

అయితే ఈ నియమానికి లోబడని ఘట్టాలు రెండున్నాయి. రెంటినీ మనం వేరే కారణాలకోసం చదువుతూ వచ్చాం.

మొదటిది శాకుంతల కథ. కాళిదాసు నాటకంలోనైనా, పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడి శృంగార శాకుంతలంలోనైనా కథ కదిలేది దుష్యంతుడి వేటతోనే. నాటకంలో రథం మీద మృగాన్ని తరుముతున్న రాజును తాపసులు ఆపి, అది ఆశ్రమమృగమని చెబుతారు. దీన్ని అహింసాబోధగా వ్యాఖ్యానించడం రివాజు. కాని అందులో అంతకన్నా నిర్దిష్టమైన మాట ఒకటి ఉంది. మృగం ఏ జాతిదన్నది అక్కడ ప్రశ్న కాదు, ఏ నేలదన్నదే ప్రశ్న. ఎల్ల దాటగానే అదే జింక వేరే ధర్మం కిందికి వచ్చింది. రాజు విల్లు దించింది ఆ సరిహద్దును గుర్తించినందువల్ల. కౌటిల్యుడి అభయవనాన్ని నాటక రూపంలో చూస్తున్నట్టు ఉంటుంది.

రెండోది స్వరోచి కథ. మార్కండేయ పురాణంలోనిది, మారన తెలుగు చేసినది, పెద్దన మనుచరిత్రకు ఇతివృత్తమైనది. వేటలో ఉన్న స్వరోచి దగ్గరికి ఒక ఆడులేడి తనంతట తానే వచ్చి మనిషి భాషలో మాట్లాడుతుంది. అతడు దాన్ని కౌగిలించుకోగానే అది దివ్యస్త్రీగా మారుతుంది. తాను వనదేవతనని చెబుతుంది. వాళ్లిద్దరికీ పుట్టినవాడే స్వారోచిష మనువు. మనుచరిత్ర అనే పేరుకు అర్థం సమకూరేది ఇక్కడే. అయినా వరూధినీ ప్రవరుల మీద చూపిన శ్రద్ధలో పదోవంతు కూడా మనం ఈ ఘట్టం మీద చూపలేదు. మనువును పుట్టించడానికి పురాణం వేసిన కథాయుక్తిగా, కొంత వింతగా, కొంత తొందరగా దాన్ని దాటిపోతున్నాం.

దీన్ని వేట ఘట్టానికి కొనసాగింపుగా చదివితే దాని బరువు తెలుస్తుంది. ఇంతకాలం స్వరోచికి లేడి వేరు, అడవి వేరు. లేడి గురి, అడవి ఆ గురి కదిలే చోటు. ఇప్పుడు ఆ లేడి తానే అడవినని చెప్పింది. గురి పెట్టిన చోటే నేల మాట్లాడింది. విశ్వనాథుడి జాబితాలో విడివిడిగా నిలిచిన వనమూ మృగయా ఈ ఒక్క చోట ఒకే శరీరంలో కలుసుకున్నాయి. పైగా ఆ కలయికనుంచి పుట్టినవాడు ఒక మన్వంతరానికి అధిపతి, అంటే మనుషుల ధర్మానికి కర్త. పురాణకర్త దీన్ని ఆలోచించే చేశాడా అన్నది వేరే విషయం. కథ నిర్మాణంలో ఆ అర్థం ఉంది. చూడకపోవడం పాఠకుడి లోపం.

5

ఇక పేర్ల దగ్గరికి వద్దాం. సంస్కృతంలో మృగమంటే జంతువు, మృగమంటే జింక కూడా. వేటకు మృగయ అన్న పేరు దాన్నుంచే వచ్చింది. మన ‘మెకం’ దాని తద్భవం. ఇంగ్లీషులోనూ ఇలాంటిదే జరిగింది. ఇవాళ జింకకు వాడే ‘డీర్’ అన్న మాట పాత ఇంగ్లీషులో ఏ జంతువుకైనా చెల్లేది, జర్మన్‌లో దాని జ్ఞాతి ‘టీర్’ ఇప్పటికీ జంతువనే అర్థంలోనే ఉంది. వేటాడే జనానికి జింకే జంతువన్నమాట. అర్థం వ్యాపించడం, సంకోచించడం భాషలకు సహజం. అందులో విచారించవలసిందేమీ లేదు.

విచారించవలసింది మరొకటి ఉంది. అమరకోశంలో సింహాదివర్గం కృష్ణసారం, రురువు, న్యంకువు, శంబరం, పృషతం, ఏణం అంటూ ఎన్నో పేర్లు ఇస్తుంది. పృషతమంటే చుక్కలది. మన టీకాలలో వీటికి తరచుగా కనిపించే అర్థం ‘మృగవిశేషము’. ఆ రెండు ముక్కలతో విద్యార్థికి చేరిందేమిటి? ఒక పేరు పోయి ఒక శూన్యం వచ్చింది. దీనికి భిన్నంగా టి.సి. జెర్డన్ వంటి వైద్యుడు 1867లో అచ్చయిన తన క్షీరదాల గ్రంథంలో జాతి వర్ణన పక్కనే స్థానిక భాషల పేర్లనూ ఇచ్చాడు. అటువంటి పాత గ్రంథాల్లో తెలుగు పేర్లు స్పష్టంగా వేరుపడి ఉన్నాయి. నల్లజింక జాతిలో మగది ఇఱ్ఱి, ఆడది లేడి, మొత్తంమీద జింక. చుక్కలున్నది దుప్పి. కొండ అడవిలోని పెద్దది కణితి. అంటే జింక అన్న మాట బయలునేల మృగానిది, దుప్పి అన్న మాట చెట్లనీడ మృగానిది.

ఈ తేడా పేర్లకే పరిమితం కాదు. జింక, అంటే కృష్ణజింక, తన కంటిచూపునూ కాళ్లనూ నమ్ముకుని బతుకుతుంది. పొట్టిగడ్డి బయలులో దూరంనుంచే ప్రమాదాన్ని చూసి పరుగెత్తుతుంది. దాని కొమ్ములు మెలితిరిగి ఉంటాయి, జీవితాంతం రాలవు. దుప్పికి అడవి అంచు కావాలి, నీడ కావాలి, నీరు దగ్గరగా ఉండాలి. దాని కొమ్ములు కొమ్మలు వేసి, ఏటేటా రాలి మళ్లీ మొలుస్తాయి. రెంటికీ మనం ఒకే ‘కొమ్ము’ వాడుతున్నాం. అది సరే. జంతువుకు కూడా ఒకే పేరు వాడితేనే చిక్కు.

తమిళంలో ఈ భేదం పేరులోపలే దాగి ఉంది. కృష్ణజింకకు ఒక పేరు వెళిమాన్. వెళి అంటే బయలు. మరొకటి పుల్వాయ్, పుల్ అంటే గడ్డి. చుక్కల దుప్పి పుళ్ళిమాన్. కుందేలంతే ఉండే చిన్నజాతి సరుగుమాన్, సరుగు అంటే ఎండుటాకు. ఎండుటాకుల్లో కలిసిపోయి దాక్కునే ప్రాణికి అంతకన్నా మంచి పేరు దొరకదు. తెలుగులో కొండగొర్రె అటువంటి మాటే. కాని ఒక ప్రాంతంలో అది నాలుగు కొమ్ముల జంతువుకు, మరో ప్రాంతంలో మొరిగే జింకకు చెల్లుతుంది. కనుక ఈ మాటను ఏ ఊళ్లో విన్నామో రాసుకోకుండా నిఘంటువులోకి ఎక్కిస్తే ప్రయోజనం లేదు.

కలగాపులగం ఇవాళే మొదలైందని కూడా అనలేం. రామాయణంలో మారీచుడు ధరించిన రూపానికి వాల్మీకి వెండిచుక్కలు పెట్టాడు. చుక్కలు దుప్పివి. తెలుగువాడు మాత్రం దాన్ని మాయలేడి అన్నాడు. మాయ కనుక ఏ మృగం ఆనవాళ్లయినా కలవవచ్చునని సరిపెట్టుకోవచ్చు. కాని ప్రభుత్వ ప్రకటనలకు ఆ సదుపాయం లేదు. 2014లో తెలంగాణ తన రాష్ట్ర జంతువుగా జింకను ప్రకటించింది, ఆ జింక చుక్కల దుప్పి. ఆంధ్రప్రదేశ్ 2018లో కృష్ణజింకను తన రాష్ట్ర జంతువుగా ఖాయం చేసుకుంది. రెండు తెలుగు రాష్ట్రాలు, ఒక మాట, రెండు మృగాలు. చెట్లనీడలో బతికేదొకటి, బయలులో బతికేదొకటి. చట్టానికి మాత్రం ఈ తేడా మొదటినుంచీ తెలుసు. 1972 చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో పెట్టింది, దుప్పిని అందులో పెట్టలేదు.

6

ఇంత చెప్పాక, మాట పొరపాటైతే నష్టం ఏమిటని అడగవచ్చు. ‘జింకల ఆవాసాన్ని మెరుగుపరచడం’ అనే పదబంధం తీసుకుందాం. ఇంగ్లీషు పుస్తకాలనుంచి నేరుగా తెచ్చుకున్న మాట ఇది. తెల్లతోక జింక మీద రాసిన సలహా తెలుగులోకి ఇలా వస్తుంది: పొదలు పెంచండి, మాటు కల్పించండి. దుప్పికి ఆ సలహా కొంతవరకు పనికివస్తుంది. అదే సలహా కృష్ణజింక తిరిగే బయలులో అమలు చేస్తే పచ్చికబయలు తుప్పలతో మూసుకుపోతుంది, దానికి చూపూ పరుగూ రెండూ అందకుండా పోతాయి. ఒకే వాక్యం ఒక మృగానికి మేలు, మరొక మృగానికి కీడు. తప్పు సలహాది కాదు, ‘జింక’ అన్న మాటది.

గిండీలో ఇది కళ్లారా చూడవచ్చు. చెట్లూ తుప్పలూ పెరిగినకొద్దీ దుప్పులు నిలదొక్కుకున్నాయి, కృష్ణజింకలు పోలో మైదానమని పిలిచే బయలు వంటి చోట్లను పట్టుకుని తగ్గుతూ వచ్చాయి. అక్కడ కృష్ణజింకను కాపాడటమంటే తుప్పలు కొట్టి గడ్డినేలను నిలబెట్టడమే. చెట్టు కొట్టడం సంరక్షణ ఎలా అవుతుందని నగరవాసికి ఆశ్చర్యం కలుగుతుంది. ‘వెళిమాన్’ అన్న పేరు అర్థమైనవాడికి ఆశ్చర్యం ఉండదు.

మన రెవెన్యూ భాష కూడా ఈ నష్టంలో పాలుపంచుకుంది. పంట పండని గడ్డినేలను ‘బంజరు’ అన్నాం. బంజరు కనుక అందులో ఏదో ఒకటి నాటాలన్నాం. ఎన్నో చోట్ల నీలగిరి తోటలు అలాగే వచ్చాయి. తెలంగాణలో ఇదే నేలకు ఇంకో పేరు ఉంది, కంచ. కంచె వేసి పశువుల మేతకు కాపాడుకున్న నేల అని దాని అర్థం. బంజరు అన్న మాటలో ఏమీ లేకపోవడం ఉంది, కంచ అన్న మాటలో ఒకరు దాన్ని అలా ఉంచుకున్న పని ఉంది. మొదట నేను అడిగిన ‘ఆ నేలను అలా ఉంచింది ఎవరు?’ అన్న ప్రశ్నకు జవాబు ఈ ఒక్క మాటలో దొరుకుతుంది. 2025 మార్చి చివర హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని నాలుగు వందల ఎకరాలలో యంత్రాలు దిగినప్పుడు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించినప్పుడు, ఊరి పేరులోని ‘కంచ’ను దాదాపు అందరూ ఇంటిపేరులా పలికారు. ఆ మాటే ఆ నేల చరిత్ర అని తెలుగువాళ్లకు చెప్పవలసి రావడం విచారకరం.

రైతు పక్షం చెప్పకపోతే ఈ చర్చ న్యాయంగా ఉండదు. కర్నూలు ప్రాంతంలో బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యంలో రక్షణ వల్ల కృష్ణజింకలు బాగా పెరిగాయి. అవి చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. రైతులు అభయారణ్యాన్నే శత్రువుగా చూశారు. ఏ పిట్టకోసం ఇదంతా మొదలైందో ఆ పిట్ట అక్కడ కరువైంది. ప్రబంధంలో కానుకలతో వచ్చిన కిరాతుడి విన్నపానికీ ఈ రైతు విన్నపానికీ పోలిక ఉంది. నాడు రాజు వేటకు వెళ్లి ఆ విన్నపాన్ని తీర్చాడు. నేడు వేట లేదు, ఉండాలని నేను అనడం లేదు. కాని విన్నపం ఉంది. మేత ఎంత, మంద ఎంత అని లెక్కచూసి నేలను నడిపే బాధ్యతను వేటతోపాటు రద్దు చేసుకోలేం.

7

వేలూరు తొరపాడిలో కూర్చుని ఇవన్నీ రాయడానికి కారణం ఉంది. ఈ ప్రాంతం రెండు భాషల సరిహద్దు, రెండు రకాల నేలల సరిహద్దు కూడా. గుడియాత్తం దాటి పేర్ణాంబట్టు వైపు వెళితే అడవి కొండలు చిత్తూరు జిల్లాలోని కౌండిన్య అభయారణ్యంతో కలిసిపోతాయి. ఆ కొండలకు రాష్ట్రాల ఎల్ల తెలియదు. ఇటు అడవి మొదట్లో ‘కాప్పుక్కాడు’ అని పలక ఉంటుంది. కాపు, కాడు రెండూ తెలుగువాడికి తెలిసిన మాటలే. కాకపోతే మన కాడు కుంచించుకుపోయి వల్లకాడులో మిగిలింది. వేసవిలో నీళ్లకోసం ఊళ్లలోకి దిగిన దుప్పిని కుక్కలు తరమడం ఇక్కడ ఏటా వినే వార్త. తమిళ పత్రిక దాన్ని ‘మాన్’ అంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ‘జింక’ అంటారు. దుప్పి అనేవాళ్లు వయసు మళ్లినవాళ్లే.

ఈ సరిహద్దు గ్రామాల్లో గొర్రెలు మేపేవాళ్లు, ఒకప్పుడు వేట తెలిసినవాళ్లు, అడవి ఫలసాయం ఏరేవాళ్లు ఒకే మృగానికి రెండు భాషల పేర్లూ వాడగలరు. ఏ పేరు ఏ నేలకు, ఏ కాలానికి, మగదానికా ఆడదానికా, పిల్లకా అన్నది వాళ్లకు తెలుసు. మాండలిక పదసేకరణలో మనం వ్యవసాయ పదాలు, చేనేత పదాలు సేకరించిన పద్ధతే దీనికీ సరిపోతుంది. ప్రశ్నావళిలో ఒక గడి చేరిస్తే చాలు: ‘ఈ మృగం ఎక్కడ మేస్తుంది, ఎక్కడ పడుకుంటుంది?’ పేరు పక్కన నేలను రాసుకోవడమంటే అదే.

అలాగే ప్రబంధాలకు కొత్తగా టీకా రాసేవాళ్లు ‘మృగవిశేషము’ అన్న మాటను సాధ్యమైనంతవరకు వదిలిపెట్టాలి. కృష్ణసారమంటే బయలులో తిరిగే నల్లజింక అని రాయడానికి పట్టే చోటు రెండు మాటలే ఎక్కువ. మనుస్మృతి రెండో అధ్యాయంలో యజ్ఞానికి తగిన దేశమేది అన్న ప్రశ్నకు కృష్ణసారం స్వభావసిద్ధంగా తిరిగే దేశమని జవాబు ఉంది. ఆ దేశవిభజనను ఇవాళ ఎవరూ ఒప్పుకోనవసరం లేదు. కాని ఆ జవాబు చెప్పినవాడికి ఒక సంగతి తెలుసు. ఒక మృగం తనంతట తాను తిరుగుతున్నదంటే ఆ నేల ఎలాంటిదో చెప్పవచ్చు. అక్కడ ‘మృగవిశేషము’ అని టీకా రాస్తే వాక్యానికి అర్థమే ఉండదు. ‘జింక’ అని రాసినా, ఇప్పటి వాడుకలో, సగం అర్థమే మిగులుతుంది. ఇఱ్ఱి అని రాస్తే ఎంతమందికి తెలుస్తుందన్నది వేరే ప్రశ్న. తెలిసేలా చెయ్యడం తెలుగు శాఖల పనే.